కిటికీ వైపు పగుళ్ళు

జూలై 8, సోమవారం

సర్వీసుకి పంపిన గ్రిప్పులు, కడ్డీని రెండు కొసలా పట్టి ఉంచేవి, తిరిగొచ్చాయి. పొద్దుటి నుంచి కూర్చుని పెద్ద మెషీనుకి మళ్ళీ బిగించాను. పై గ్రిప్పూ కింది గ్రిప్పూ ఒకే గీత మీద ఉండాలి. లేకపోతే మధ్యలో పెట్టిన కడ్డీని మెషీను నిటారుగా లాగదు, కాస్త వంచుతూ లాగుతుంది. డయల్ గేజితో నాలుగు వైపులా చూశాను. సరిగ్గానే ఉంది. సెన్సార్లు అతికించిన కొలత కడ్డీ పెట్టి కూడా చూడాలి. దానికి సగం రోజు పడుతుంది. యూనివర్సిటీలో రిసెర్చి చేస్తున్న లిటియా పని ఆగిపోతోంది. నలభై నాలుగేళ్ళుగా చేస్తున్న పనే ఇది. సరిగ్గానే ఉంది.

ల్యాబులో దీపాలు మార్చమని ఆఫీసుకి మళ్ళీ రాశాను. గేజి ముల్లు చూడాలంటే మెడ వంచి పక్కనుంచి చూడాల్సొస్తోంది.

ల్యాబు రికార్డంతా కంప్యూటర్లోకి పోయాక నాకు చేతిలో పెన్ను లేక తోచడం లేదని కోరల్ ఈ పుస్తకం కొనిపెట్టింది. దీన్ని తను చదవనంది. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో నా కారు డాష్‌బోర్డు తప్ప తను వెతకని చోటు లేదు. చూద్దాం.

జూలై 10, బుధవారం

రేపటి నుంచి లిటియా కడ్డీలు. ఎనిమిదింట్లో ఐదు సర్వీసుకి ముందే అయిపోయాయి. ఇంకా మూడు.

ఈ పిల్ల సముద్రం దాటి సువా నుంచి వచ్చి రెండేళ్ళు కావస్తోంది. మంచం పట్టినవాళ్ళని పైకెత్తే లిఫ్టు ఉంటుంది కదా, దాని కొక్కేన్ని పోత పొయ్యకుండా పొరమీద పొరగా ముద్రించి తయారుచేస్తున్నారు, ఇక్కడే, మా ఊరి శివార్లలోని కార్డిఫ్‌లో ఒక చిన్న కంపెనీ వాళ్ళు. ఆ లోహం ఎన్నాళ్ళు మన్నుతుందో లిటియా కంప్యూటర్లో లెక్క కడుతుంది. అదే లోహంతో చేసిన కడ్డీల్ని నేను మెషీనుకి తగిలించి, అవి తెగేదాకా సెకనుకి ఐదుసార్లు లాగి వదులుతాను. తన లెక్క రెండు లక్షల సార్లు అంది. నా ఐదు కడ్డీలూ రెండు లక్షలకి అటూ ఇటూగా తెగాయి.

"మెర్వ్ అంకుల్, మిగతా మూడూ ఇలాగే వస్తే బ్రిస్బేన్ వాళ్ళ ముందు కాలరెగరేసుకుని నిలబడతాను."

"కాలరున్న చొక్కా నీ దగ్గర ఎక్కడుంది ప్రొఫెసరమ్మా?"

"కొంటాను. ముందు మీరు కడ్డీలు తెంపండి."

బ్రిస్బేన్లో పర్మనెంటు ఉద్యోగం అది. లెక్కలూ వచ్చి, మెషీను మీద చెయ్యీ ఆడే మనిషి కావాలట. అలాంటివి ఈ దేశం మొత్తం మీద ఏడాదికి రెండో మూడో పడతాయి. ఇంటర్వ్యూ సెప్టెంబరు 24న. ఇక్కడ తన కాంట్రాక్టు నవంబరు ఆఖరుకి అయిపోతుంది, దాంతో వీసా కూడా.

జూలై 11, గురువారం

ఆరో కడ్డీ పొద్దున ఏడున్నరకి మొదలెట్టాను. పదకొండు కాకుండానే తెగింది. అరవై ఒక్క వేలు.

జూలై 12, శుక్రవారం

ఏడోది. డెబ్భై నాలుగు వేలు.

జూలై 16, మంగళవారం

ఎనిమిదోది యాభై ఎనిమిది వేలకే పోయింది.

తెగిన ముఖాలు భూతద్దం కింద పెట్టి చూశాను. పగులు ఎక్కడ పుట్టిందో లోహమే చెబుతుంది. గుల్లచిప్ప మీద గీతల్లాగా గీతలుంటాయి, అవన్నీ ఒక చోటి నుంచి బయల్దేరతాయి. మూడు కడ్డీల్లోనూ అవి కిటికీ వైపు నుంచే మొదలయ్యాయి. కాకతాళీయం కావచ్చు.

మామూలుగా కడ్డీ తగిలించే ముందు దాని ముఖం మీద మార్కరుతో చిన్న గీత పెడతాను, ఏ వైపు ఏదో తర్వాత తెలియడానికి. ఈ మూడింటికీ పెట్టలేదు. మార్కరు ఎండిపోయింది. సంచుల్లో వేసి లిటియాకి ఇచ్చేశాను.

జూలై 17, బుధవారం

లిటియా నా బల్ల దగ్గర స్టూలు లాక్కుని కూర్చుంది.

"నా లెక్కలోనే ఏదో ఉంది. ముద్రించిన లోహంలో కంటికి కనపడని బొబ్బలుంటాయి, నేను వాటిని తక్కువ అంచనా వేసుంటాను. గ్రిప్పుల అమరిక చూశారు కదా అంకుల్?"

"చూశాను."

"సరే మరి. నేను మొదటి నుంచీ చేసుకొస్తాను."

చూశానన్నది అబద్ధం కాదు. డయల్ గేజితో చూశాను.

జూలై 26, శుక్రవారం

ఇవాళ గావిన్ కిందికి దిగొచ్చాడు. డిపార్టుమెంటు హెడ్డయ్యాక ల్యాబులో అడుగుపెట్టడం ఇది మూడోసారో నాలుగోసారో. ఒకప్పుడు ఇదే గదిలో స్టూడెంటుగా పది కిలోల బరువు కాలి మీద వేసుకుని నన్ను పట్టుకుని ఏడ్చినవాడు. అందుకేనేమో ఇప్పటికీ నన్ను 'మీరు' అంటాడు.

"మెర్వ్, లిటియా కడ్డీల సంగతి విన్నాను. బ్రహ్మాండం."

"తెగిపోతే బ్రహ్మాండమేంటి?"

"ఈ ల్యాబు మూసేసి కంప్యూటర్ల హాలు చేద్దామని పైవాళ్ళు ఏడాదిగా నా పీక మీద కూర్చున్నారు. లెక్కలుండగా ఈ ఇనప సామానెందుకంటారు. ఇప్పుడు లెక్క రెండు లక్షలంది, మీ మెషీను అరవై వేలంది. ఇంతకంటే ఏం కావాలి నాకు?"

భుజం తట్టి వెళ్ళాడు.  మెషీను తుడిచాను. నిన్న కూడా తుడిచాను.

ఆగస్టు 1, గురువారం

దీపాల గురించి మళ్ళీ రాశాను. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి, అన్నీ వెలుగుతూనే ఉన్నాయి తాతా అన్నాడు. తాతట.

ఆగస్టు 15, గురువారం

రాత్రి భోజనంలో గొర్రె చాప్స్. కోరల్ వృద్ధాశ్రమంలో వారానికి మూడు రోజులు పనిచేస్తుంది, మనుషుల్ని మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి స్నానాలగదికి మార్చడం తన పని. మాటల మధ్యలో అడిగాను.

"ఆ లిఫ్టులో మనిషి వేలాడేటప్పుడు కొక్కెం నిటారుగానే ఉంటుందా?"

"నిటారుగా వేలాడ్డానికి వాళ్ళేమన్నా కోటు హేంగర్లా? ఒకావిడ కాళ్ళు తన్నుకుంటుంది, ఒకాయన పక్కకి వాలి నా జేబులో చెయ్యి పెడతాడు. ఎవరూ నిటారుగా ఉండరు. ఎందుకు?"

"ఊరికే."

అంటే నిజం లోకంలో కొక్కేన్ని పక్కకి లాగడమే జరుగుతుంది. అంటే నా మూడు కడ్డీలే నిజానికి దగ్గరగా ఉన్నట్టు. ఇది తట్టగానే ఎన్నో రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

ఆగస్టు 16, శుక్రవారం

నా మూడు కడ్డీల్ని పక్కకి లాగానని నేనెక్కడా ఒప్పుకోలేదు. నిన్న అలా రాశాను గానీ.

సెప్టెంబరు 9, సోమవారం

పైవాళ్ళ కమిటీ ఒప్పుకుంది. ల్యాబు ఇంకో మూడేళ్ళు ఉంటుంది. గావిన్ కేకు తెప్పించాడు. లిటియా కూడా వచ్చి చప్పట్లు కొట్టింది. కళ్ళ కింద నల్లటి చారలు. ఏడు వారాలుగా తన లెక్కలో తప్పు వెతుక్కుంటోంది, దొరకడం లేదు. లేనిదెక్కడ దొరుకుతుంది.

పై వాక్యం కొట్టేద్దామనుకున్నాను. సిరాతో రాశాను.

సెప్టెంబరు 20, శుక్రవారం

లిటియా బ్రిస్బేన్లో చెప్పబోయే ప్రసంగం నాకు వినిపించింది. ల్యాబులో ఇంకెవరూ లేరు. చివర్లో ఎనిమిది కడ్డీల పట్టిక చూపించి, "మూడింటి విషయంలో నా లెక్కల నమూనా విఫలమైంది, కారణం ఇంకా తెలియదు" అంది.

"అది చెప్పాలా?" అన్నాను.

"దాచమంటారా?"

"అని కాదు. ఆ మూడూ పక్కన పెట్టేయొచ్చు. కడ్డీలు తయారవడంలోనే లోపముందనొచ్చు."

"మీరు తెంపిన కడ్డీలు అంకుల్ అవి. వేరేవాళ్ళవైతే పక్కన పెట్టేదాన్నేమో. మీ చేతి మీద నమ్మకం లేకపోతే ఇక దేన్ని నమ్మాలి?"

అప్పుడు చెప్పొచ్చు. నోరు తెరిచాను కూడా. కొత్త చొక్కా బాగుంది అన్నాను. కాలరుంది దానికి.

సెప్టెంబరు 26, గురువారం

లిటియా తిరిగొచ్చింది. ఎలా జరిగిందని అడిగితే, "మర్యాదగా మాట్లాడారు" అంది.

అక్టోబరు 1, మంగళవారం

ఉద్యోగం రాలేదు. ఫోను చేసి చెప్పారట. నచ్చావు గానీ నీ లెక్క మీద నీకే నమ్మకం లేనట్టుంది అన్నారట.

కోరల్ చేసిన నిమ్మకాయ బిస్కెట్లు తీసుకెళ్ళి లిటియా బల్ల మీద పెట్టాను. థాంక్యూ అంకుల్ అంది. అక్కణ్ణించి వచ్చేశాను.

అక్టోబరు 17, గురువారం

కోరల్ చెప్పకుండానే అపాయింటుమెంటు తీసుకుంది. నేను మొన్న కారు వెనక్కి తీస్తూ పక్కింటి చెత్తడబ్బాని గుద్దిన దగ్గర్నుంచి వెంటపడుతోంది.

కళ్ళ డాక్టరు కుర్రవాడు. ఒక గళ్ళ కాగితం ఇచ్చాడు, మధ్యలో చుక్క. కుడి కన్ను మూయించి చుక్కనే చూడమన్నాడు. గీతలెలా ఉన్నాయి? నిటారుగా ఉన్నాయి. తర్వాత ఎడమ కన్ను మూయించాడు.

మధ్యలో గీతలన్నీ వంగాయి. నీళ్ళలో ముంచిన పుల్లల్లాగా. చుక్క ఉన్న చోట మసక.

"ఎలా ఉన్నాయండీ?"

"నిటారుగానే ఉన్నాయి," అన్నాను.

"మెర్వ్," అంది కోరల్, మూలన కుర్చీలోంచి. అంతే అంది.

"వంగాయి," అన్నాను.

కంటి లోపలి పొర దెబ్బతిందట. కంట్లోకి సూది వెయ్యాలట, నెల నెలా. ఇంకా పాడవకుండా చూడొచ్చు గానీ పోయింది రాకపోవచ్చు. "ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?" అనడిగాడు. గమనించలేదన్నాను.

గేజి చూసేటప్పుడు నేనెప్పుడూ ఎడమ కన్ను మూసి కుడి కంటితో చూస్తాను. పంతొమ్మిదేళ్ళ వయసు నుంచి, స్టీలు ఫ్యాక్టరీ టెస్టింగ్ హౌసులో పెర్సీ దగ్గర పని నేర్చుకున్నప్పటి నుంచి అదే అలవాటు. పెర్సీ ఇంకోటి కూడా నేర్పాడు. పగులు ఒకసారి ఎడమనుంచి, ఒకసారి కుడినుంచి పుడితే లోహాన్ని అనుమానించు. ప్రతిసారీ ఒకే వైపు నుంచి పుడితే, తగిలించిన వెధవని అనుమానించు.

మూడూ కిటికీ వైపే. జూలై పదహారునే నాకు తెలుసు. చూసిన క్షణంలోనే తెలుసు. మార్కరు ఎండిపోలేదు. పెట్టిన గీతల్ని నేనే తుడిచేశాను.

అక్టోబరు 19, శనివారం

పొద్దున్నే ల్యాబుకి వెళ్ళాను. జూలై నుంచి ఆ గ్రిప్పుల్ని ఎవరూ కదపలేదు. సెన్సార్లున్న కొలత కడ్డీ తగిలించాను. అంకెలు తెర మీద పెద్దగా వస్తాయి, దానికి నా కన్నుతో పనిలేదు. వంపు ఐదు శాతానికి లోపుండాలి. ఇరవై ఆరు. కిటికీ వైపు ఎక్కువ లాగుతోంది. ఇంకో రెండుసార్లు చూశాను. ఇరవై ఆరు, ఇరవై ఐదున్నర.

కాగితం మీద అచ్చు తీసుకుని ఇంటికొచ్చి కోరల్‌కి అంతా చెప్పాను. ఆవిడ బట్టలు ఆరేస్తోంది. క్లిప్పులు పంటి కింద పెట్టుకునే వింది.

"ముసలాళ్ళు నిటారుగా వేలాడరని నువ్వే అన్నావు కదా," అన్నాను. "ఆ లెక్కన నా కడ్డీలు—"

క్లిప్పులు తీసింది. "నేనన్నది ముసలాళ్ళ గురించి. నీ గురించి కాదు. ఆ పిల్ల నవంబరులో విమానం ఎక్కాలి మెర్వ్."

"తెలుసు."

"తెలిసి, ఆ పిల్లకి నా చేత బిస్కెట్లు చేయించావు."

అక్టోబరు 21, సోమవారం

టీ గదిలో లిటియా ఒక్కతే ఉంది. ఫోనులో ఉద్యోగాల ప్రకటనలు చూస్తోంది. ఎదురుగా కూర్చున్నాను.

"ఆరు, ఏడు, ఎనిమిది కడ్డీలు. తప్పు నీ లెక్కది కాదు. నాది."

నవ్వింది. "ఓదార్చకండి అంకుల్."

కాగితం ఇచ్చాను. చదివింది. మళ్ళీ మొదట్నుంచి చదివింది. నవ్వు ఎప్పుడు పోయిందో చూడలేదు, చూసేసరికి లేదు.

"ఇది ఎప్పుడు తెలిసింది?"

"శనివారం కొలిచాను."

"ఎప్పుడు కొలిచారని అడగలేదు."

శనివారం అనే చెబుదామనుకుని వచ్చాను. "జూలైలో," అన్నాను.

"నేను మిమ్మల్ని అడిగాను. అమరిక చూశారా అని ఇదే నోటితో అడిగాను."

"చూశానన్నాను."

"అవును. అన్నారు." కాగితం మడిచి బల్ల మీద పెట్టింది. "మూడు నెలలు నేను పిచ్చిదాన్నేమో అనుకున్నాను. లెక్క సరిగ్గా ఉంది, ఎన్నిసార్లు చూసినా సరిగ్గానే ఉంది. నా లెక్క మీద నమ్మకం వదులుకుని మీ మాట నమ్మాను. ఎందుకు మెర్వ్?"

మెర్వ్ అంది, అంకుల్ అనలేదు. కన్ను సంగతి చెప్పాను. ల్యాబు సంగతి చెప్పాను. చెబుతుంటే నాకే అవి ఎవరో ఇంకొకరి సాకుల్లా వినిపించాయి.

లేచి కప్పు కడిగింది, తుడిచింది, అల్మారాలో పెట్టింది. వెళ్ళిపోయింది.

అక్టోబరు 22, మంగళవారం

గావిన్‌కి చెప్పాను. తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు.

"శనివారం మీరు ల్యాబుకి రాలేదు. ఏమీ కొలవలేదు."

"వచ్చాను. కొలిచాను."

"మెర్వ్, వినండి. కమిటీ మూడేళ్ళు ఇచ్చింది. అది మీకోసమూ కాదు, నాకోసమూ కాదు. ఈ ల్యాబు పోతే ఇక్కడ చదివే పిల్లలు ఇనుము తెగడం కళ్ళతో చూడకుండానే ఇంజనీర్లయిపోతారు. అది మీకు సరేనా?"

సరే కాదు. అతను చెప్పింది అబద్ధం కూడా కాదు. ల్యాబు ఉండాలనే నేనూ నోరు మూసుకున్నాను, సగం. మిగతా సగం ఏమిటో ఇక్కడ రాయనక్కర్లేదు.

"కమిటీకి నువ్వు చెప్పకపోతే నేను ఉత్తరం రాస్తాను," అన్నాను.

"రాస్తే ఏమవుతుందో తెలుసుగా?"

"తెలుసు."

కిటికీలోంచి పార్కింగు కేసి చూస్తూ కూర్చున్నాడు. "ఆ పది కిలోల బరువు వేసుకున్న రోజు," అన్నాడు చివరికి, "నేనే జారవిడిచానని మా ప్రొఫెసరుకి మీరు చెప్పలేదు. స్టాండు విరిగిందన్నారు. గుర్తుందా?"

నాకు గుర్తులేదు. ఉత్తరం కోరల్ టైపు చేసింది.

అక్టోబరు 31, గురువారం

పది రోజుల తర్వాత లిటియా ల్యాబుకొచ్చింది. నోటుబుక్కు తెరిచి నిలబడింది, కూర్చోలేదు.

"వంపు ఏ వైపు?"

"కిటికీ వైపు."

"పై గ్రిప్పు దగ్గరెంత? కింద ఎంత?"

చెప్పాను. రాసుకుంది.

"మూడు కడ్డీలూ ఎలా తగిలించారో, ఏ ముఖం ఏ వైపో గుర్తుందా?"

సంచులు తెప్పించి ఒక్కోటీ వేలితో తడిమి, పగులు పుట్టిన చోటు పట్టుకుని చూపించాను. తనే మార్కరుతో గీత పెట్టుకుంది. వెళ్ళిపోయింది.

నవంబరు 5, మంగళవారం

మెల్‌బోర్న్ కప్పు రోజు. అందరూ టీవీ దగ్గర గుర్రప్పందేలకి టోపీలు పెట్టుకుని కూర్చున్నారు. లిటియా ఒక్కతే కిందికొచ్చింది.

"వంపు కలిపి లెక్క వేశాను. అరవై మూడు వేలు."

మూడు కడ్డీల సగటు అరవై నాలుగు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తనకి కనపడకుండా గ్రిప్పు బోల్టు చూస్తున్నట్టు తల వంచుకున్నాను.

"ఇంకో మాట," అన్నాను. "కోరల్ పనిచేసే చోట లిఫ్టులో ఎవరూ నిటారుగా ఉండరట. పక్కకి వాలతారు, కాళ్ళు తన్నుకుంటారు. అంటే కొక్కెం ఎప్పుడూ వంపులోనే—"

"అంటే కొక్కెం ఆయుష్షు రెండు లక్షలు కాదు, అరవై వేలన్నమాట." ఉన్నపళంగా స్టూలు మీద కూర్చుంది. "ఇది మీకెప్పుడు తెలుసు?"

"ఆగస్టులో."

"ఆగస్టులోనే చెప్పుంటే ఇదే నా బ్రిస్బేన్ ప్రసంగం అయ్యేది."

  పైన ఎవరి గుర్రమో గెలిచినట్టుంది, అరుపులు వినిపించాయి.

నవంబరు 8, శుక్రవారం

కమిటీ నిర్ణయం వెనక్కి తీసుకుంది. ల్యాబు డిసెంబరు 13తో ఆఖరు. గావిన్ స్వయంగా వచ్చి చెప్పాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. తిడితే బాగుండేది.

నవంబరు 14, గురువారం

కొక్కేల కంపెనీ ఆవిడ వచ్చింది. మార్నీ డ్రిస్కల్, బూట్ల నిండా లోహపు పొడి. పదకొండు మంది పనివాళ్ళున్న షెడ్డు ఆవిడది. లిటియా లెక్కంతా విని బల్ల మీద గుద్దింది.

"అయితే కొక్కెం పైన తిరుగుడు కీలు పెట్టాలి. మనిషి ఎటు వాలితే అది అటు తిరిగి నిటారవ్వాలి. ఇంత చిన్న సంగతి చెప్పడానికి రెండేళ్ళు పట్టిందా మీ మేధావులకి?"

"రెండేళ్ళ మూడు నెలలు," అంది లిటియా, నాకేసి చూడకుండా.

"ఈ కీలు లెక్క ఎవరు కడతారు? ఎవరు లాగి చూస్తారు? యూనివర్సిటీ వాళ్ళు నాకు రిపోర్టులు పంపుతారు. నాకు కావాల్సింది మనిషి. వీసా సంగతి నేను చూసుకుంటాను. వస్తావా?"

ఆవిడ వెళ్ళాక లిటియా ఆ బూట్ల నుంచి రాలిన పొడి ఊడ్చింది. తర్వాత నాతోనే అందో, మెషీనుతో అందో గానీ, "నేను ప్రొఫెసర్నవుతానని మా అమ్మ సువాలో చర్చి మొత్తానికీ చెప్పింది" అంది. "ఇప్పుడు కార్డిఫ్‌లో రేకుల షెడ్డు. టాయిలెట్టు బయటుంటుంది."

"పెర్సీకి పదో తరగతి కూడా లేదు," అన్నాను. "నాకు తెలిసినవాళ్ళలో లోహాన్ని ఆయన చదివినట్టు ఎవరూ చదవలేదు."

"పెర్సీ మీకు అబద్ధం చెప్పాడా ఎప్పుడైనా?"

"లేదు."

"అదృష్టవంతులు."

నవంబరు 22, శుక్రవారం

మూడు అదనపు కడ్డీలుంటే ఈ వారం మళ్ళీ చేశాం. చేశాం కాదు, చేసింది. గ్రిప్పులు తనే విప్పి తనే బిగించింది. నేను జేబుల్లో చేతులు పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాను. ఏ బోల్టు ముందు, ఎంత బిగువు, ఎక్కడ ఆగి మళ్ళీ చూడాలి, అడిగినంతవరకే చెప్పాను. కొలత కడ్డీతో సగం రోజు. మొదటిసారి పన్నెండు శాతం. విప్పింది. రెండోసారి ఎనిమిది. విప్పింది. భోజనం మానేసింది. అయిదోసారికి రెండున్నర.

నేను నలభై నాలుగేళ్ళలో రెండున్నరకి తెచ్చింది పదిసార్లకి మించి ఉండదు. ఆ మాట చెప్పాను. తల ఊపింది.

కడ్డీలు: ఒక లక్షా తొంభై ఎనిమిది వేలు, రెండు లక్షల పద్నాలుగు వేలు, రెండు లక్షల ఆరు వేలు. పగుళ్ళు మూడూ మూడు వేర్వేరు వైపుల నుంచి పుట్టాయి.

నవంబరు 27, బుధవారం

లిటియా కార్డిఫ్ ఉద్యోగం ఒప్పుకుంది. పెద్ద మెషీను పాత సామాను కింద అమ్మేస్తుంటే మార్నీ కొనుక్కుంది. అదీ అక్కడికే వెళుతుంది.

మంగళవారమో గురువారమో వచ్చి కాస్త చూసిపెట్టమని లిటియా నన్ను అడుగుతుందేమో.

డిసెంబరు 4, బుధవారం

కంట్లో సూది. భయపడినంత లేదు. కోరల్ చెయ్యి నలిగిపోయింది పాపం.

డిసెంబరు 13, శుక్రవారం

మెషీనుని క్రేనుతో లారీ ఎక్కించారు. పునాది బోల్టులు తియ్యడానికే నాలుగు గంటలు పట్టింది. లిటియా లారీ డ్రైవరు పక్కన కూర్చుని, తాళ్ళు ఎక్కడెక్కడ కట్టాలో చెప్పింది. వెళ్ళే ముందు దిగొచ్చి నాకు చెయ్యి ఇచ్చింది. "జాగ్రత్త మెర్వ్. సూదులు మానకండి."

అడగలేదు. వచ్చి చూసిపెట్టమని అడిగి ఉంటే వెళ్ళేవాణ్ణి. అడగకపోవడం న్యాయమే. ఇంటికొచ్చి ఈ మూడు వాక్యాలు రాయడానికి చాలాసేపు పట్టింది.

జనవరి 29, బుధవారం

పోస్టులో ఒక కవరొచ్చింది. కార్డిఫ్ నుంచి. కొక్కెం మీద లిటియా రాసిన రిపోర్టు, ముప్పై ఒక్క పేజీలు. ఉత్తరం ఏమీ లేదు, రిపోర్టొక్కటే. అక్షరాలు చిన్నవి. కోరల్ వరండాలో కళ్ళజోడు పెట్టుకుని చదివి పెట్టింది. అర్థంకాని మాటలొచ్చినప్పుడల్లా విసుక్కుంటూ, అయినా ఒక్క పేజీ కూడా వదలకుండా.

పదకొండు కడ్డీల పట్టిక ఉంది. ఆరు, ఏడు, ఎనిమిది తీసెయ్యలేదు. వరసలోనే ఉన్నాయి, వాటి అంకెలతో. కృతజ్ఞతలు చెప్పిన పేజీలో మార్నీ పేరుంది, గావిన్ పేరుంది, కోరల్ పనిచేసే ఆశ్రమం పేరుంది. నా పేరు లేదు. సరే అనుకున్నాను. కోరల్ పేజీ తిప్పబోయి ఆగింది.

"కింద సన్నక్షరాల్లో ఏదో ఉంది. పట్టిక కింద."

"చదువు."

"'ఆరు, ఏడు, ఎనిమిది కడ్డీల పరీక్షల్లో గ్రిప్పుల అమరికలో ఇరవై ఆరు శాతం వంపు ఉంది. ఈ సంగతిని ఆ పరీక్షలు చేసిన మెర్విన్ స్టోకో స్వయంగా కొలిచి తెలియజేశారు. ఈ నివేదికలోని ప్రధాన ఫలితానికి ఆ కొలతే ఆధారం.'"

కోరల్ కళ్ళజోడు తీసి నాకేసి చూసింది.

ఇంకోసారి చదవమన్నాను. ఇంకోసారి చదివింది.